వంతు రాని బిందె

ఆ వీధి మొత్తానికీ మునిసిపాలిటీ కుళాయి ఒక్కటే. మలుపులో, పోస్టాఫీసు గోడ పక్కన, సిమెంటు దిమ్మ మీద ఉండేది. రోజు విడిచి రోజు, మధ్యాహ్నం ఎండ కాస్త వాలే వేళకు నీళ్లు వదిలేవారు. నీళ్లు వచ్చే ముందు కుళాయి ముసలివాడిలా ఓ దగ్గు దగ్గేది. తర్వాత గొంతులో గురక, ఆ తర్వాత సన్నటి ఈల. ఆ ఈల చెవిన పడిందంటే ఎంత మొద్దునిద్రలో ఉన్న ఆడదైనా దిగ్గున లేచి, జుట్టు ముడేసుకుంటూ వీధిలోకి పరుగెత్తాల్సిందే.

అయితే మనుషుల కంటే ముందు బిందెలు వచ్చేవి. అన్నాలు తినగానే ఎవరి బిందె వాళ్లు వరసలో పెట్టేసి, ఇంటికెళ్లి ఓ కునుకు తీసేవారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. దాన్ని జరపడానికి ఎంతటివాళ్లకైనా చెయ్యాడేది కాదు. ఒకసారి కౌన్సిలరుగారి భార్య తన బిందెను నాలుగు బిందెల ముందుకు నెట్టించిందట. ఆయన ఆ తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. రోడ్లు వేయించలేదని ఓడిపోయానని ఆయన అనుకున్నాడు గాని, అసలు సంగతి బిందె.

కుళాయికి ఎదురింట్లో ఒక ముసలావిడ ఉండేది. పగలంతా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. అందరూ కుళాయి మామ్మ అనేవారు. వరసకు చట్టం ఆవిడే. ఇంటికి ఒకటే బిందె వరసలో ఉండాలి, అందరికీ ఒకటి నిండాకే రెండోదాని మాట. ఎవరి బిందె నిండుతుండగా నీళ్లు ఆగిపోతాయో, మళ్లీ నీళ్లొచ్చిన రోజున ఆ బిందెతోనే మొదలుపెట్టాలి. ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు, అందుకే ఎవరూ తప్పేవారు కాదు.

ఆ వీధికి సైకిలు షాపు ఆయన రెండో భార్యగా వచ్చిందొకావిడ. మొదటావిడ పోయిన ఏడాదికి పెళ్లయింది. పుట్టింటివాళ్లు పెట్టిన సామానులో తళతళలాడే స్టీలు బిందె ఉంది. మొదటి రోజు దాన్ని తోమి, అద్దంలా మెరిపించి, మురిపెంగా తెచ్చి వరసలో పెట్టబోయింది. అప్పటికే అక్కడ అందరికంటే ముందు, దిమ్మను ఆనుకుని, ఒక పక్క లొత్తపడిన పాత ఇత్తడి బిందె ఉంది.

“మీ ఇంటి బిందె ఉంది కదమ్మా,” అంది పక్కింటి దర్జీవాళ్ల ఆవిడ, తన బిందె సర్దుకుంటూ. “రెండోది చివర్న పెట్టుకో.”

ఈవిడకు అర్థం కాలేదు. తమ ఇంటి బిందె ఏమిటని అడిగితే, అది ముందావిడదని చెప్పారు. చెప్పి అందరూ ఎటో చూశారు. నీళ్లొచ్చాయి. ఆ ఇత్తడి బిందెను ఎవరూ తాకలేదు, ఎవరూ నింపలేదు. నిద్రపోతున్న కుక్కను తప్పుకుని నడిచినట్టు దాని పక్కనుంచే ఒకరి తర్వాత ఒకరు పట్టుకుని పోయారు. చివర్న ఈవిడ వంతు వచ్చేసరికి కుళాయిలో గాలి తప్ప ఏమీ మిగల్లేదు.

సరే, మొదటి రోజు కదా అనుకుంది. మళ్లీ నీళ్ల రోజు వచ్చింది, మళ్లీ అదే బిందె అక్కడే ఉంది. ఆ పైరోజూ అంతే. సాయంత్రం భర్త షాపు కట్టేసి, వస్తూ వస్తూ ఆ బిందెను సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని తెచ్చి, మాట్లాడకుండా అటక మీద పెట్టేవాడు. షాపు బోరింగు నుంచి రెండు క్యాన్లు ఉప్పునీళ్లు కూడా తెచ్చేవాడు. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. కడుపుకి చాలకపోతే సర్దుకోవచ్చు గాని, వీధిలో తలవంపులకు సర్దుకోవడం కష్టం. కాపురానికొచ్చి నెలలు గడిచినా ఆవిడ పేరు కొత్తావిడే. ఉప్పు బదులు అడగడానికి ఎవరూ ఆ గుమ్మం తొక్కరు. ఈ ఇంట్లో, ఈ వీధిలో తన బిందెకంటూ ఒక చోటు ఉందా లేదా అన్నది ఆవిడకు చెప్పులో రాయిలా తయారైంది.

బిందె పెడుతున్నది భర్తేనని మొదట అనుమానపడింది. ఒక రాత్రి అన్నం పెడుతూ అడిగేసింది. ఆయన తల ఎత్తలేదు. తేవడం తనే తెస్తున్నానన్నాడు, పెట్టడం మాత్రం తను కాదన్నాడు. ఎవరు పెడుతున్నారో తెలియదు, తెలుసుకోవాలనీ లేదన్నాడు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పళ్లెంలో సగం అన్నం అలాగే ఉంది.

ఇలా కాదని ఒకనాడు మునిసిపలాఫీసుకు వెళ్లింది. నీళ్ల సెక్షనులో గుమస్తా కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఓపిగ్గానే విన్నాడు. ఆక్రమణ అంటే స్థలమా, గోడా అని అడిగాడు. వరసలో చోటని చెప్పింది. ఆక్రమించినదెవరని అడిగాడు. ముందావిడని చెప్పింది. ఆవిడ్ని రమ్మనండి, మాట్లాడదాం అన్నాడు. ఆవిడ పోయిందని చెప్పేసరికి కళ్లజోడు మళ్లీ కళ్ల మీదికి దించుకున్నాడు.

పక్క బల్ల దగ్గరున్న జనన మరణాల గుమస్తా, చనిపోయినట్టు కాగితం కావాలంటే తను ఇస్తానని, బిందె చనిపోయినట్టు ఇవ్వడం మాత్రం తన వల్ల కాదని అన్నాడు. ఆ గదిలో అందరూ నవ్వారు. ఈవిడ కళ్లలో నీళ్లు చూసి నీళ్ల సెక్షను ఆయన మాత్రం నవ్వు ఆపేశాడు.

“చూడమ్మా, కుళాయి వరకే మాది,” అన్నాడు. “వరస మీది. అందులో మేం వేలు పెట్టలేం.”

ఇంటింటికీ కుళాయిలు వస్తాయని, పైపులు వచ్చేశాయని, అతికే ముక్కలు రావాల్సి ఉందని కూడా చెప్పాడు. అవి ఎప్పుడొస్తాయో ఆయనకే తెలియదు.

ఆ రోజు ఇంటికొచ్చి ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. స్టూలెక్కి అటక మీద ఆ ఇత్తడి బిందెను వెనక్కి, పాత టైర్ల చాటుకు తోసేసింది. తోస్తుంటే లోపల నీళ్లు కదిలిన చప్పుడైంది. వంచి చూస్తే అడుగున వేలెడు నీళ్లున్నాయి. ఎవరూ నింపని బిందెలో నీళ్లెక్కడివి? వాటిని పారబోయడానికి కూడా చెయ్యి రాలేదు. దిగి, అటక ఉన్న ఆ గదికి తాళం వేసి, తాళంచెవి నల్లదారానికి కట్టి మెళ్లో వేసుకుంది.

మర్నాడు నీళ్ల రోజు. మధ్యాహ్నం భోంచేసి, గది తలుపుకు ఎదురుగా గోడకు చేరగిలబడి కూర్చుంది. ఇవాళ దొంగెవరో తేలాలి. వీధిలో నరమానవుడు లేడు. ఎండ గుమ్మంలోంచి చాపలా పరుచుకుని లోపలికి వస్తోంది. ఎక్కడో కుట్టుమిషను కాసేపు టకటకలాడి ఊరుకుంది. కళ్లు మూసుకోకూడదు, మూసుకోకూడదు అనుకుంటూనే ఉంది.

కుళాయి ఈలకు ఉలిక్కిపడి లేచింది. గది తలుపుకు తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి మెళ్లోనే ఉంది. హమ్మయ్య అనుకుని స్టీలు బిందె అందుకోబోతే ఎడమ నడుం మీద బట్ట చల్లగా తగిలింది. తడి. ఈ మధ్య నీళ్ల రోజుల్లో నిద్ర లేచేసరికి అక్కడ అలాగే ఉంటోంది, చెమట అనుకునేది. చెమటయితే రెండు పక్కలా ఉండాలి కదా అన్న ఆలోచన అప్పుడు గాని రాలేదు.

వీధిలోకి వచ్చి చూసింది. దిమ్మను ఆనుకుని, అందరికంటే ముందు, లొత్తపడిన ఇత్తడి బిందె ఉంది.

చేతిలో బిందె అక్కడే వదిలేసి, సరాసరి కుళాయి మామ్మ గుమ్మంలోకి వెళ్లింది. రోజంతా ఇక్కడే కూర్చుంటారుగా మామ్మగారూ, మీకు తెలియకుండా ఈ వీధిలో ఈగ కూడా వాలదు, ఆ బిందె ఎవరు పెడుతున్నారో చెప్పండి, మీ కాళ్లు పట్టుకుంటానంది. ముసలావిడ ముందుకు వంగి ఆవిడ మొహంలోకి చూసింది.

“ఆట పట్టిస్తున్నావా పిల్లా?”

“లేదు మామ్మగారూ. ఒట్టు.”

“నువ్వేగా తెచ్చి పెడతావు. ఇందాక కూడా నువ్వేగా.”

కుళాయి దగ్గరున్నవాళ్లు ఇటు తిరిగారు. మామ్మ గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది. నీళ్ల రోజున అందరూ పడుకున్నాక ఈవిడ ఆ బిందె ఎత్తుకుని వస్తుందట. పలకరిస్తే పలకదట. దిమ్మ పక్కన పెట్టి, దాని మూతి మీద అరచెయ్యి ఓసారి ఆనించి, వెనక్కి వెళ్లిపోతుందట.

“ఎడమ పక్కన ఎత్తుకుంటావు. ఈ వీధిలో ఎడమ పక్కన ఎత్తుకునేది ఆవిడొక్కతే, చిన్నప్పుడు కుడి నడుం బెణికి. ఆవిడంటే గౌరవం కొద్దీ అలా చేస్తున్నావనుకున్నాం తల్లీ. ఏదో మొక్కుకున్నావేమో, కదిలిస్తే పాపమని ఊరుకున్నాం.”

కొత్తావిడ తన నడుం తడుముకుంది. తను పుట్టి బుద్ధెరిగాక బిందె ఎత్తుకున్నది కుడి పక్కనే. ఎడమ తుంటి ఎముక మీద మాత్రం అంచు ఒరుసుకున్న గీత నల్లగా కమిలి ఉంది. మరి నాకెందుకు వరస ఇవ్వలేదని అడిగింది.

“నువ్వే నీ చేత్తో ఆవిడకు వరస పెడుతుంటే, కాదనడానికి మేమెవరం?” అంది మామ్మ.

ఆ తర్వాత అడగకుండానే మిగతాది చెప్పింది. ముందావిడ పోయిన రోజు నీళ్లు సన్నగా వచ్చాయట. ఆవిడ వంతు చివరిది. బిందె కింద పెట్టగానే అడుగున వేలెడు పడి ఆగిపోయాయట. అందరూ వెళ్లిపోయినా, మళ్లీ వస్తాయేమోనని పోస్టాఫీసు గోడకు ఆనుకుని కూర్చుందట. వాలుపొద్దులో భర్త వెతుక్కుంటూ వచ్చేసరికి అలాగే కూర్చుని ఉంది, చెయ్యి బిందె మూతి మీద ఉంది, ప్రాణం లేదు. మళ్లీ నీళ్లొచ్చిన రోజున ఆ బిందెతోనే మొదలుపెట్టాలి. కానీ ఆ ఇంట్లో ఏడుపులు. ఎవరి బుర్రా పనిచేయలేదు. దర్జీవాళ్ల బిందెతో మొదలుపెట్టేశారు. వంతు ఆవిడ దగ్గరే ఆగిపోయింది.

కుళాయి ఈల ముదిరింది. అందరూ ఈవిడ వంకే చూస్తున్నారు. పరుగెత్తి ఇంట్లోకి పోయి తలుపేసుకోవచ్చు. పుట్టింటికే పోవచ్చు. స్టీలు బిందెను తెచ్చి ముందు పెట్టి, ఆ ఇత్తడి దాన్ని కాలితో తన్నినా ఇవాళ అడ్డొచ్చేవాళ్లు లేరు. నెలల తరబడి ఆవిడ అనుకున్నది అదే. చనిపోయినదాని బిందె నేనెందుకు మోయాలి, నాకు గతి లేకనా అని.

నడిచి దిమ్మ దగ్గరికి వెళ్లింది. వంగి, రెండు చేతులతో ఆ బిందెను పట్టుకుని కుళాయి కింద పెట్టింది.

“అక్కా, నీ వంతు,” అంది.

నీళ్లు పడ్డాయి. మొదట బిందె అడుగున బోలుగా మోగి, నిండే కొద్దీ గొంతు సన్నబడి, చివరికి చప్పుడు లేకుండా అంచు దాటి దిమ్మ మీద పారాయి. ఇత్తడి మీద ఇన్నాళ్ల దుమ్ము చారలుగా కారింది. కట్టేయమని ఎవరూ అనలేదు. దర్జీవాళ్ల ఆవిడ ముందుకొచ్చి, ఎత్తడానికి ఓ చెయ్యి వేసింది. ఎత్తాక అది కొత్తావిడ ఎడమ నడుం మీద కూర్చుంది. తనుగా కూర్చోబెట్టలేదు.

సైకిలు షాపు ఇంటి దారిలోనే ఉంది. చక్రానికి గాలి కొడుతున్న ఆయన తలెత్తి చూశాడు. నడక చూశాడు, ఆ ఒరిగిన భుజం చూశాడు. షాపు అలా వదిలేసి, నాలుగడుగుల దూరంలో వెనకే నడిచాడు. వంటగదిలోకి వచ్చాక, ఎదురుగా నిలబడటానికి ధైర్యం చాలనట్టు పక్కనుంచి చేతులు చాచాడు.

“దించు,” అన్నాడు. “ఎంతసేపని మోస్తావు.”

ఆ మాట ఎవరితో అన్నాడో ఆయనా చెప్పలేదు, ఈవిడా అడగలేదు. ఇద్దరూ కలిసి బిందె దించారు. ఆ పూట పప్పు మెత్తగా ఉడికింది. ఆయన పళ్లెంలో మెతుకు మిగల్చలేదు.

ఆ తర్వాత ఇత్తడి బిందె వరసలోకి రాలేదు. దానికి వంటగదిలో మూల చోటిచ్చారు. వరసలో స్టీలు బిందె నిలబడింది, ఎవరూ కాదనలేదు. పక్కింటావిడ ఉప్పు బదులుకు వచ్చింది, ఎదురింటావిడ కబుర్లకు వచ్చింది. కొత్తావిడ అన్న పేరు ఎప్పుడు రాలిపోయిందో తెలియలేదు. సైకిలు షాపావిడ అనడం మొదలుపెట్టారు. ముందావిడనూ వీధిలో అలాగే పిలిచేవారని ఆవిడకు మామ్మ చెప్పగా తెలిసింది.

మూల ఉన్న బిందెను మాత్రం ఎంత బోర్లించి ఆరబెట్టినా, నీళ్ల రోజు పొద్దున్నే చూస్తే నిటారుగా కూర్చుని ఉంటుంది, అడుగున వేలెడు నీళ్లతో. మొదట్లో పారబోసేది. ఇప్పుడు ఆ నీళ్లు గ్లాసులోకి ఒంపి, గుమ్మం పక్క మొక్కకు పోస్తుంది. స్టీలు బిందెను కుడి పక్కన ఎత్తుకోవాలని చాలాసార్లు ప్రయత్నించింది. రెండడుగులు వెయ్యగానే తొణికిపోతుంది. ఎడమ పక్కకు మార్చుకుంటే చుక్క ఒలకదు.

వీధిలో అందరూ చూశారు. చూసి ఎవరి బిందె వాళ్లు ఎత్తుకుని పోయారు. కుళాయి మామ్మ మాత్రం ఆవిడ తన గుమ్మం ముందునుంచి వెళుతుంటే, కుర్చీలోంచి కాస్త లేచి, మళ్లీ కూర్చుంటుంది.