నా బరువూ, ఆయిల్ సీలూ

మా తోడికోడలి మోటారుసైకిలు ముందు ఫోర్కులోంచి, అదే ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాల్లోంచి, నూనె కారడానికి నా బరువే కారణమట! భోజనాల దగ్గర, అందరి ముందూ అంది. నవ్వుతూనే అంది కానీ నాకు మాత్రం నవ్వు రాలేదు. రోజూ నన్ను ఆఫీసు దగ్గర దింపి తన పనికి వెళ్ళే మనిషి అది. మర్నాటి నుంచి దాని వెనక ఎక్కడం మానేసి బస్సులో వెళ్ళడం మొదలుపెట్టాను. నిజం చెప్పొద్దూ, ఆ రద్దీలో వేలాడుతున్నంతసేపూ బండి మీద మేం చెప్పుకునే కబుర్లే గుర్తొచ్చేవి. అయినా సరే, అది నోరు తెరిచి పిలిస్తే తప్ప ఎక్కేది లేదని పంతం పట్టాను. ఇంట్లో ఏదైనా మాట్లాడుకోవాల్సి వస్తే మధ్యలో అత్తయ్య ఉండేవారు. "అత్తయ్యా, ఆ ఉప్పు ఇటు జరపమనండి" అనేదాన్ని, అది నా పక్కనే కూర్చుని ఉన్నా.

ఆదివారం పొద్దున్నే అది పెరట్లో పాత దుప్పటి పరిచింది. వీడియో చూసి ఫోర్కు సీళ్ళు, నూనె బయటికి రాకుండా ఆపే ఆ రబ్బరు చుట్లు, తనే మారుస్తుందట. అప్పటిదాకా టైరుకు గాలి కొట్టడం తప్ప ఏమీ ఎరగదు. ముందు చక్రం ఊడదీసింది, ఫోర్కు కాళ్ళు రెండూ ఊడదీసింది. నేను వంటింటి కిటికీ దగ్గర కూరగాయలు తరుగుతున్నానన్న మాటే కానీ ధ్యాసంతా అక్కడే.

అడుగు బోల్టు దగ్గర కథ అడ్డం తిరిగింది. రెంచి తిప్పితే బోల్టుతో పాటు లోపలి కడ్డీ కూడా తిరుగుతోంది. స్ప్రింగును గట్టిగా నొక్కి పట్టుకుంటే తప్ప ఆ కడ్డీ ఆగదట. ఫోర్కును చెక్క మీద తలకిందులుగా నిలబెట్టి, ఒక చేత్తో నొక్కుతూ ఇంకో చేత్తో తిప్పబోయింది. ఊదితే ఎగిరిపోయే మనిషి! స్ప్రింగు చలించలేదు.

"అత్తయ్యా, కాస్త బరువున్నవాళ్ళెవరైనా..." అని నాలుక్కరుచుకుంది.

నాకు ఒళ్ళు మండింది. కత్తి పడేసి బయటికొచ్చాను. "బరువు కావాల్సొచ్చేసరికి నేను గుర్తొచ్చానా అని అడగండత్తయ్యా!"

"మీ మధ్య కబుర్లు మోయడం నావల్ల కాదు. మీరూ మీరూ చూసుకోండి" అంటూ అత్తయ్య లోపలికి వెళ్ళిపోయారు.

నేనూ వెనక్కి తిరిగేదాన్నే. కానీ దాని ముక్కు మీద గ్రీజు, కళ్ళలో నీళ్ళు చూశాక ప్రాణం ఒప్పలేదు. చక్రం ఇరుసును ఫోర్కు కన్నంలో దూర్చి, రెండు వైపులా పట్టుకుని ఒంటి బరువంతా వేశాను. స్ప్రింగు దిగింది, అది రెంచి తిప్పింది. టక్కున బోల్టు వదిలింది. రెండోదీ అంతే. జన్మలో మొదటిసారి నా ఒళ్ళు చూసుకుని నాకు గర్వం వేసింది.

పాత నూనె బేసిన్‌లోకి వంచి, సీళ్ళు పీకేశాం. గొట్టాలు తుడుస్తుంటే నా గోటికి సన్నటి గీతలు తగిలాయి.

"ఇవేంటే?"

అది గొట్టం వంక చూసింది, తర్వాత నేల వంక చూసింది. "మెరవాలని గిన్నెలు తోమే స్టీలు పీచుతో రుద్దానక్కా. ఆ గీతలే సీలును కోసేసినట్టున్నాయి."

"అంటే, నా బరువు కాదు."

"కాదక్కా."

"ఆడలేక మద్దెల ఓడు!" వంటింట్లోంచి అత్తయ్య గొంతు. మా మాటలన్నీ వింటూనే ఉన్నారన్నమాట.

గోటికి తగలనంత నున్నగా అయ్యేదాకా సన్న గరుకు కాగితంతో రుద్దాం. కొత్త సీలు చిరగకుండా గొట్టం అంచుకు పాలిథిన్ చుట్టి తొడిగాం. అన్నీ బిగించాక దుప్పటి మీద ఒక రింగు మిగిలింది. లబోదిబోమంటూ ఒక కాలు మళ్ళీ మొదటి నుంచీ విప్పాం. ఎందుకో ఇద్దరికీ నవ్వాగలేదు.

సాయంత్రానికి బండి నిలబడింది. కొత్త నూనె పోసినా ఎక్కడా చెమ్మ కనిపించలేదు.

"ఎక్కక్కా" అంది.

"సీలు పరీక్షకా?"

"పరీక్షకైతే అత్తయ్యను ఎక్కిస్తాను. రేపు పనికి మళ్ళీ ఒక్కదాన్నే పోలేను. నువ్వు లేకపోతే దారి తరగట్లేదు. నోరు జారాను, ఇంక వదిలెయ్యక్కా."

ఎక్కాను. ఇన్నాళ్ళూ ఆ బండి మీద ఊపిరి బిగబట్టి, సగం బరువు కాళ్ళ మీదే ఆపుకుని కూర్చునేదాన్ని. ఆ సంగతి దానికి తెలియదు. ఈసారి కాళ్ళు వదులు చేసి, ఒంటి బరువంతా బండి మీదే వేసి కూర్చున్నాను.