ఏసోబు జేబులో బిరడా

నేను ఒక రబ్బరు బిరడాను. ఫిరంగి మోత నుంచి సిపాయి చెవిని కాపాడటానికి నన్ను చేశారు. నాకొక జోడీ ఉంది, ఇద్దరినీ ఒకే దారానికి కట్టి రేకు డబ్బీలో పెట్టారు. ఇన్నేళ్ళ బతుకులో నేను చెవిలోకి వెళ్ళింది ఒక్కసారి, అదీ మొన్న.

కొండల్లో యుద్ధం మొదలైనప్పుడు నన్ను ఏసోబు చేతికిచ్చారు. మార్కాపురం దగ్గరి పల్లెవాడు, ఫిరంగి దళంలో సిపాయి. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి జేబులో పడేశాడు. చెవులు మూసుకుంటే తోటివాళ్ళు పిరికివాడంటారట! పందొమ్మిది రోజులు ఫిరంగి పక్కనే నిలబడ్డాడు. చెవిలోంచి రక్తం కారినా నన్ను బయటికి తీయలేదు. గుండుకు బెదరని మగవాళ్ళు రబ్బరు ముక్కకు సిగ్గుపడతారని నాకప్పుడే తెలిసింది.

యుద్ధం ఆగింది గానీ అతని చెవుల్లో హోరు ఆగలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఫిరంగి దగ్గర్నుంచి తీసేసి సామాన్ల కొట్లో కూర్చోబెడతారు. ఏటా చెవుల పరీక్ష ఉండేది. డాక్టరు సిపాయి వెనక నిలబడి గుసగుసగా ఒక అంకె చెబుతాడు, సిపాయి దాన్ని తిరిగి చెప్పాలి. ఏసోబు స్నేహితుడు నూకరాజు ఎదుటి వరసలో నిలబడేవాడు.

"బయపడకురా, నా ఏళ్ళకేసే సూడు. నేనున్నాను కదేటి," అనేవాడు.

అంకె రెండయితే, డాక్టరు కాగితంలోకి తలవంచగానే నూకరాజు రెండు వేళ్ళు చూపించేవాడు. "రెండు, సార్!" అని ఏసోబు గట్టిగా అరిచేవాడు. రిటైరయ్యే రోజున కూడా అలాగే నెగ్గి, చెవులు భేషుగ్గా ఉన్నాయన్న కాగితం మీద సంతకం పెట్టి ఇంటికొచ్చాడు. తర్వాత మిలటరీ ఆసుపత్రికి వైద్యం కోసం వెళ్తే ఆ కాగితమే చూపించి పంపేశారు.

భార్య కరుణమ్మ మాత్రం గొంతు పెంచుకుని సర్దుకుంది. "ఈయనకి ఫిరంగి తప్ప పెళ్ళాం యాడ వినపడుద్ది?" అని నవ్వేది.

మొన్న వేసవిలో ఒక పొద్దున ఆమె పెరట్లో బట్టలు ఉతుకుతూ పక్షవాతం వచ్చి కూలిపోయింది. ఏసోబు వీధి అరుగు మీద మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాడు. నేను అతని చొక్కా జేబులోనే ఉన్నాను. ఆమె పిలుపు ప్రతిదీ విన్నాను. నాకు చెవులున్నాయి గానీ నోరు లేదు.

చేలోంచి వస్తున్న పక్కింటి రత్నమ్మ పరుగెత్తుకొచ్చి అతని భుజం పట్టి కుదిపింది. "ఏందయ్యా, సందు మొగదాకా వినపడతా ఉంటే నీకు వినబళ్ళేదా?"

కరుణమ్మ బతికింది. గంట ముందు తెచ్చుంటే మాట పోయేది కాదన్నాడు డాక్టరు. అది మాత్రం ఏసోబుకు రాసి చూపించారు.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం అతను మంచం పక్కన కూర్చుని నన్ను బయటికి తీశాడు. నేను గట్టిపడి రాయిలా ఉన్నాను. అయినా మా ఇద్దరినీ రెండు చెవుల్లోకీ నొక్కుకున్నాడు, హోరు ఆగుతుందేమోనని. ఆగలేదు. బయటి మోతయితే ఆపేవాణ్ణి. అది నేను వెళ్ళలేనంత లోపల ఉంది. నన్ను ఇన్నేళ్ళూ వాడలేదని అతని మీద నాకున్న కోపమంతా ఆ క్షణంలో పోయింది.

కరుణమ్మ పలకలేక బాగున్న చెయ్యి పైకెత్తి రెండు వేళ్ళు చూపించింది. అంటే మంచినీళ్ళు. ఒకటంటే పక్కకు తిప్పమని. నర్సు నేర్పింది.

ఏసోబు ఉలిక్కిపడి నిటారుగా లేచి నిలబడ్డాడు.

"రెండు, సార్!" అని అరిచాడు.