లాహోర్‌లో పన్నెండు

మూడో పీరియడ్ గంట కొట్టి, ఇనుప కమ్మీని కొక్కేనికి తగిలించి, ఇజ్రాయేల్ కంప్యూటర్ గది తుడవడానికి వెళ్లాడు. ఆబిడ్స్ పోస్టాఫీసు వెనక సందులో ఉన్న ఆ మిషన్ ఆడపిల్లల బడికి గంటంటే వరండా దూలానికి వేలాడే రైలు పట్టా ముక్కే. ముప్పై నాలుగేళ్లుగా దాన్ని కొడుతున్నది అతనొక్కడే. సన్నటి మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి జారింది, ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర వెలిసిపోయింది. మెదక్ నుంచి వచ్చి, నాంపల్లి స్టేషన్ ఎదుటి గల్లీలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటూ, ఏ ఒక్కరోజూ నిమిషం అటూ ఇటూ కానివ్వలేదు. పక్క దుకాణాల వాళ్లు ఆ మోత విని తమ గడియారాలు సరిచేసుకునేవాళ్లంటే నమ్మండి. అది రెండు వేల ఆరు, నవంబరు ముప్పై. అతని ఉద్యోగానికి ఆఖరి రోజు.

ఆ రోజే ఇంకో విశేషం కూడా ఉంది. సరిగ్గా పన్నెండింటికి తొమ్మిదో తరగతి పిల్లలు లాహోర్‌లోని ఒక బడి పిల్లలతో కంప్యూటర్‌లో మొహాలు చూసుకుంటూ మాట్లాడాలి. సోషల్ చెప్పే నర్మద టీచర్ ఆరు నెలలుగా ఉత్తరాలు నడిపి కుదిర్చిన సంగతి ఇది. ఒకసారి మొహం చూసి నవ్వినవాళ్లను రేపు శత్రువులనడానికి పిల్లలకు నోరు రాదని ఆమె ఆశ. వాళ్లతో మనకేం పనని కొందరు తల్లిదండ్రులు బడికొచ్చి గొడవ పడ్డారు. ప్రిన్సిపల్ ఇవాంజెలిన్ మేడమ్ ఎటూ తేల్చలేక ఒక్క పీరియడ్ ఇచ్చింది. పన్నెండున్నరకు భోజనాల గంట కొట్టగానే గదికి తాళం. ఇవాళ జరగకపోతే ఆ మాటే మళ్లీ ఎత్తొద్దంది.

పన్నెండయింది. ఒక్క తెర ముందు ముప్పై మంది పిల్లలు ఒకరి భుజాల మీదుగా ఒకరు తొంగిచూస్తున్నారు. తెర మీద ఎవరూ లేరు. పదినిమిషాలు, ఇరవై నిమిషాలు. కరెంటు పోతే చూసుకోవడానికి తలుపు దగ్గర నిలబడ్డ ఇజ్రాయేల్‌కు ఆ పిల్లల మొహాలు చూడబుద్ధి కాలేదు. సంహిత అనే అమ్మాయి పొరుగింటి వాళ్లనడిగి ఉర్దూలో సలాం రాసుకొచ్చిన అట్టను ఒళ్లో బోర్లా పెట్టుకుంది.

"వాళ్లకు మనమంటే ఇష్టం లేదు, టీచర్" అంది మెల్లగా.

ఇజ్రాయేల్ వరండాలోకి వచ్చి కమ్మీ అందుకున్నాడు. గోడ గడియారంలో ముల్లు పన్నెండున్నర మీదికి వచ్చింది. చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడే గదిలో కంప్యూటర్ మోగింది. తెల్ల దుపట్టాల పిల్లలు తెర నిండా ప్రత్యక్షమయ్యారు. ముందు కూర్చున్న హుమా అనే పిల్ల, చెప్పినట్టే సరిగ్గా పన్నెండింటికి వచ్చాం కదా అని గర్వంగా అడిగింది. నర్మద టీచర్ నెత్తి కొట్టుకుంది. పన్నెండని ఇద్దరూ రాసుకున్నారేగానీ, వాళ్ల గడియారం మనకన్నా అరగంట వెనకని ఒక్కరికీ తట్టలేదు. భూగోళం పాఠం చెప్పే మనిషే మర్చిపోతే ఇంకేం చెబుతాం!

ఇజ్రాయేల్ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కొడితే నాలుగొందల మంది పిల్లలు వరండాలో పడతారు, గదికి తాళం పడుతుంది, ఆ ముచ్చట అక్కడితో సరి. పాతికేళ్ల కింద, భార్య బెత్సీకి నొప్పులొస్తున్నాయని దవాఖాన నుంచి కబురొస్తే, నాలుగింటి గంట కొట్టాకే కదిలాడు. పుట్టిన పాప అరగంట బతికిందట. అతను వెళ్లేసరికి గుడ్డలో చుట్టి ఉంచారు. బెత్సీ బతికున్నన్నాళ్లూ ఒక్క మాట అనలేదు. అదే అతణ్ని ఇప్పటికీ తినేస్తోంది.

చప్పుడు కాకుండా కమ్మీని గోడకు ఆనించాడు.

లోపల టిఫిన్ డబ్బాలు మూతలు తీసి చూపించుకుంటున్నారు. మన పిల్లల హైదరాబాదీ యాసకు అక్కడివాళ్లు పడీపడీ నవ్వుతున్నారు. పావు గంట గడిచాక ప్రిన్సిపల్ మేడమ్ విసవిసా వచ్చి, గంటేదని అడిగింది.

"మర్చిపోయిన, మేడమ్" అన్నాడు ఇజ్రాయేల్ తల వంచుకుని. ఆ బడిలో అతనాడిన మొదటి అబద్ధం అదే.

ఆమె అతన్ని చూసింది. తలుపు సందులోంచి లోపలికి చూసింది. సంహిత అట్టను తెర మీది కెమెరా ముందు పట్టుకుంటే, అవతల హుమా ఆ వంకర అక్షరాలను ఒక్కోటీ కూడబలుక్కుని చదువుతోంది.

"ఇంకో పది నిమిషాలు మర్చిపో, ఇజ్రాయేల్" అని వెళ్లిపోయింది మేడమ్.

ఆ రోజు బడి మొత్తానికీ భోజనం ఆలస్యమైంది. పై నెల మళ్లీ కలవడానికి మాట అయింది. ఆఖరి పీరియడ్‌లో శాలువా కప్పి, కొత్త చేతి గడియారం బహుమతిగా ఇచ్చి, రెండు మాటలు మాట్లాడమంటే ఇజ్రాయేల్ చేతులు జోడించి కూర్చున్నాడు. నాలుగింటికి ఆఖరి గంట కొట్టాడు. గదులన్నిటికీ తాళాలు వేసి, నాంపల్లి వైపు నడిచి వెళ్లిపోయాడు. గేటు దాటడం ఎవరూ గమనించలేదు.

మర్నాడు నర్మద టీచర్ కంప్యూటర్ గది తాళం తీసింది. తెర పక్కన మేకుకు ఇజ్రాయేల్ పాత చేతి గడియారం వేలాడుతోంది. అద్దం నిండా గీతలు, తోలు పట్టీకి చెమట మరకలు. తన గడియారంతో పోల్చి చూసుకుంది. నిండా కీ ఇచ్చిన ఆ పాత గడియారం, సరిగ్గా అరగంట వెనకగా నడుస్తోంది.