ఆమె చేతికందే అలమర

వీధిలో అందరికీ ఆవిడ పొట్టి పిన్ని. మొహం మీద అన్నా ఉడుక్కునేది కాదు. "పొట్టివాళ్లకి పుట్టెడు బుద్ధులు, మీకేం తెలుసు!" అని నవ్వేసి కుట్టుమిషను తొక్కుకునేది. ఆవిడ కోపమల్లా మనుషుల మీద కాదు, అరల మీద. ఆ ఇంట్లో అరలన్నీ ఆవిడ మొగుడి ఎత్తుకు కట్టినవి. ఆయనేమో తాడిచెట్టంత మనిషి. కాపురానికి వచ్చిన కొత్తలో "అందడం లేదండీ" అంటే, పేపరులోంచి తల ఎత్తకుండా "అలవాటైపోతుందిలే" అన్నాడు. ముప్పై ఏళ్లయింది. అలవాటైంది స్టూలెక్కడం ఒక్కటే.

పోయిన ఏడాది ఆ స్టూలు మీంచే పడింది. పై అరలోంచి లైనింగు గుడ్డ తాను లాగబోతే స్టూలు ఒరిగి, కుడి మణికట్టు విరిగింది. మూడు నెలలు మిషను మీద దుప్పటి కప్పే ఉంది. కట్టు విప్పుతూ డాక్టరు, మరోసారి విరిగితే ఈ చెయ్యి ఇక కత్తెర పట్టదని చెప్పాడు. కత్తెర పట్టలేని దర్జీ ఏం చేసుకుని బతుకుతుంది? ఇంటికి రాగానే పిన్ని ఒట్టు పెట్టుకుంది. ఇక తను పైకి ఎక్కదు, అరలే కిందికి దిగాలి.

అప్పుడే పాత పోస్టాఫీసు పడగొడుతున్నారు. అందులోని టేకు కౌంటరు బల్లను తీసి బయట దుమ్ములో పడేశారు. చిన్నప్పటి నుంచీ ఆ బల్ల ముందు మునివేళ్ల మీద లేచి, "సార్, సార్" అని ఎంత పిలిచినా లోపలివాళ్లకు కనపడని మనిషి పిన్ని. బల్లనూ, దాంతోపాటు పడి ఉన్న రెండు తలుపులనూ బండి మీద వేయించి ఇంటికి తెచ్చేసింది.

"దీన్ని కోయించి నా ఎత్తుకి అలమర చేయిస్తా," అంది.

"ఆ పాత చెక్క పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు," అన్నాడు మొగుడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. పిన్ని వింటేగా!

వడ్రంగి బాబాయ్ పని తెలిసిన మనిషి. అయస్కాంతం పెట్టి వెతికి, దాగిన మేకులన్నీ పీకితేగాని పాత చెక్కను చిత్రిక పట్టడు. చెక్కలో చెక్క దూర్చి బిగిస్తాడు, కొత్త మేకు ఒక్కటి కొట్టడు. టేపును మాత్రం నమ్మడు. ఒక బోడి కర్ర తెచ్చి, ఇంటి పెద్దను గోడకు ఆనించి నిలబెట్టి, మోకాలు దగ్గర, నడుము దగ్గర, భుజం దగ్గర, ఎత్తిన చేతి వేళ్ల చివర గాట్లు పెడతాడు. ఆ కర్రే అతనికి ప్లాను. కొలతకు వచ్చిన పూట పిన్ని గుండీల కోసం బజారుకు వెళ్లింది. "ఇంటి పెద్ద ఎవరండీ?" అని బాబాయ్ అడగడం ఆలస్యం, మొగుడుగారు పేపరు మడిచి, ఛాతీ విరుచుకుని గోడకు నిలబడ్డారు. ఆ సంగతి పిన్నికి ఎవరూ చెప్పలేదు.

నెలకు అలమర తయారై వచ్చింది. ముద్దొచ్చేలా ఉంది. పాత సిరా మరకలూ, పెన్నును దారంతో కట్టి ఉంచిన చోటి చిన్న కన్నమూ అలాగే ఉంచాడు బాబాయ్. పిన్ని మురిసిపోయి చెయ్యి చాపింది. మధ్య అర అందింది. పై రెండూ అందలేదు. మునివేళ్ల మీద లేచింది, అచ్చం పోస్టాఫీసులో లేచినట్టే. కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. అది ఏడుపు కాదు, ఒళ్లుమంట.

"బాబాయ్, ఇది ఎవరి కొలత?"

"అయ్యగారిదమ్మా. ఇంటి పెద్ద కొలతే తీసుకుంటాను, మొదట్నుంచీ అదే అలవాటు."

"నీ కొలత తీసుకుని మీ ఆవిడకి జాకెట్టు కుడితే ఊరుకుంటావా?"

బాబాయ్ నాలిక్కరుచుకున్నాడు. "ఎంత పని చేశానమ్మా!"

"ఇంతోటి దానికి రభస ఎందుకు?" అన్నాడు మొగుడు. "పై అరల్లో నా ఫైళ్లు పెట్టుకుంటా. నీకేమైనా కావాలంటే స్టూలుందిగా."

పిన్ని లోపలికి వెళ్లి స్టూలు తెచ్చింది. దారికొచ్చిందనుకున్నాడాయన. ఆవిడ స్టూలును బాబాయ్ ముందు బోర్లించి, కాలు వేసి తొక్కిపట్టింది.

"అలమరని నడిమికి కొయ్యి. పై సగం దించి పక్కన పెట్టు. దానికి కాళ్లు కావాలిగా, ఇవిగో, నాలుగున్నాయి."

"ఒకసారి కోస్తే మళ్లీ అతకదమ్మా. ఇలాంటి టేకు ఇంకెక్కడా దొరకదు."

"నా చెయ్యి దొరుకుతుందా?"

బాబాయ్ కర్ర తీసి, పాత గాట్లన్నీ పోయేదాకా చిత్రిక పట్టాడు. పిన్ని చెప్పులు విడిచి గోడకు నిలబడింది.

"నన్నో మాట అడగక్కర్లేదా?" అంటూ అడ్డొచ్చాడు మొగుడు.

"ఇంటి పెద్ద కొలత తీస్తున్నా బాబూ. కాస్త పక్కకి జరగండి," అన్నాడు బాబాయ్.

పొద్దు వాలేసరికి రెండు పొట్టి అలమరలు పక్కపక్కన నిలబడ్డాయి. ఒకటి స్టూలు కాళ్ల మీద నిలబడింది. గుడ్డ తాన్లూ, దారాల డబ్బాలూ, కుట్టాల్సిన బట్టలూ అన్నీ పిన్ని చేతికందే ఎత్తులో సర్దుకున్నాయి. ఫైళ్లకు అట్టడుగు అర మిగిలింది.

మర్నాడు పొద్దున్నే మొగుడుగారు ఏదో ఫైలు కోసం వచ్చారు. వంగారు. ఇంకాస్త వంగారు. చివరికి గొంతుక్కూర్చుని, ఫైలు లాగి, నడుము పట్టుకుని మూలుగుతూ లేచారు.

"ఏమిటే ఇది, రోజూ ఇలా వంగి చావాలా?"

పిన్ని పై అర మీదికి చెయ్యి చాపి, మడమ లేపకుండానే లైనింగు తాను అందుకుంది. మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంటూ, తల ఎత్తకుండా అంది.

"అలవాటైపోతుందిలెండి."