బతికున్న మనిషి పటం

మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో లీలావతి పెట్టిన గ్యాలరీని జనం మొదటినుంచీ ఫ్రేములు కట్టే దుకాణం అనుకున్నారు. దేవుడి పటానికి అద్దం పగిలిందని, పెళ్లి ఫోటోకు చెద పట్టిందని చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. ఆమె ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఈ కాలపు చిత్రకళ ఎందుకు చూడాలో చెప్పేది. వాళ్లు చాయ్ తాగి, బుద్ధిగా తలూపి, బజారులో ఇంకోచోట ఫ్రేము కట్టించుకునేవాళ్లు.

భూములున్న ఇంటి కోడలు. పాత వడ్ల కొట్టుకు సున్నం వేయించి, ఎనభై నాలుగులో, ఎవరూ అడక్కుండానే గ్యాలరీ చేసింది. బొమ్మ బంగ్లాలో దాచుకునేది కాదని, పప్పు రుబ్బే దగ్గర, బీడీలు చుట్టే దగ్గర ఉండాలని ఆమె వాదన. స్టేషన్ ముందు హోటల్లో మిర్చీలు వేయించే పొయ్యి పైన ఒక నీలిగీతల బొమ్మ పెట్టించింది. దాని మీద నూనె మరక పడితే హోటలాయన భయపడ్డాడు గాని, ఆమె మాత్రం బొమ్మ ఇప్పుడు ఊళ్లో కలిసిందని సంబరపడింది. తను ప్రాణంగా చూసుకునే బొమ్మ కాదు కదా మరి.

ఆమె దగ్గరున్న వాటిలో ఒకటే ప్రాణం. దంతాలపల్లి బడిలో డ్రాయింగ్ సారు ప్రభాకర్ వేసిన కొమురమ్మ బొమ్మ. కొమురమ్మ నాట్లు వేసే కూలి మనిషి. సగం ముఖం లేత పచ్చ, సగం మట్టిరంగు, ఒక కన్ను మూసి ఉంటుంది. లీలావతి దాన్ని నల్ల ఫ్రేములో పెట్టి, వాకిట్లోకి రాగానే కనపడేట్టు ఎదురుగోడకు వేలాడదీసింది.

దీపాలు పటాల పైన పెట్టమని కరెంటు పనిచేసే చంద్రయ్యకు చెప్పింది. ఆయన ఊళ్లో ఇళ్లన్నింట్లో పెట్టినట్టే అలవాటుగా ప్రతి పటం కిందా ఎర్ర జీరో బల్బు బిగించి పోయాడు. తెరిచిన రోజు ఆడబిడ్డ ప్రమీల శుభమని అన్నింటికీ బంతిపూల దండలు వేసింది. ఫ్రేము, దండ, కింద ఎర్ర బల్బు. ఈ మూడూ కలిస్తే దేనికి గుర్తో లీలావతికి తెలియక కాదు. వాళ్లింటి హాల్లో పోయిన మామగారు అలాగే వెలుగుతున్నారు. కాని ఆమె కంటికి కొమురమ్మ బొమ్మ బొమ్మే, మనిషి కాదు.

దండలు వాడిపోయాక ఒక మధ్యాహ్నం గడపలో ఒకాయన ఆగాడు. భుజాన పరుపుచుట్ట, చేతిలో రేకు పెట్టె. కొమురమ్మ బొమ్మను చూశాడు. పెట్టె కింద పెట్టాడు. తలుపు పట్టుకుని, శబ్దం లేకుండా ఏడవసాగాడు.

లీలావతి ఊపిరి బిగబట్టింది. ఆయన అనుభూతికి అడ్డం రాకూడదని మెల్లగా లోపలి గదిలోకి తప్పుకుంది. తిరిగొచ్చేసరికి ఆయన లేడు. ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ చెప్పింది, బొమ్మ చూసి ఏడ్చిన మొదటి మనిషి మహబూబాబాద్‌లో పుట్టాడని.

మర్నాడు పొద్దున చంద్రయ్య సైకిల్ స్టాండ్ కూడా వేయకుండా లోపలికి వచ్చాడు.

"అమ్మా, గాయన ఏడ్సింది మీ బొమ్మను జూసి కాదు. వాళ్లవ్వ సచ్చిపోయిందనుకోని."

ఆ మనిషి కొమురమ్మ కొడుకు ఉప్పలయ్య. బొంబాయి దగ్గర భివండిలో మగ్గాల మీద పనిచేసి చాలా కాలానికి ఇంటికొస్తున్నాడు. కడసారి చూపు దక్కలేదనుకుని, ఇక్కడినుంచి నేరుగా మంగలి దుకాణానికి పోయాడు. గుండుతో పాటు మీసం కూడా తీయించుకుని దంతాలపల్లి బస్సెక్కాడు. మొక్కు గుండుకు మీసం ఉంటుంది. మీసం పోతే అది సావు గుండు. ఇంటిముందు బియ్యంలో రాళ్లేరుతున్న కొమురమ్మ తలెత్తి ఆ తల చూసి, చాట వదిలేసి పడిపోయింది. అప్పటినుంచీ మెతుకు ముట్టలేదు. తల్లి బతికుండగా కొడుకు సావు గుండు చేయించుకుంటే సావును ఇంటికి పిలిచినట్టేనని ఊరంతా ఒక్కమాట అనుకుంది. పటం కాలిస్తేనే ఆ కీడు పోతుందట. ఊరివాళ్లు ట్రాక్టర్ మీద బయలుదేరారు.

"దింపి యాడనన్న దాపెట్టుండ్రి. లేకుంటె తాళమేసి ఇంటికి వోండ్రి," అన్నాడు చంద్రయ్య.

రెండూ ఆలోచించింది. దాచిపెడితే చేతికి దొరికిన బొమ్మలన్నీ కాల్చేస్తారు. తాళం వేస్తే తాళం పగులుతుంది. బల్బు తీసేసింది. ఎండిన దండ తెంపింది. పటం దింపడానికి మాత్రం చేతులు రాలేదు. దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చుంది.

ట్రాక్టర్ చప్పుడు ముందు వచ్చింది, తర్వాత మనుషులు. గది నిండిపోయింది. ముందు ఉప్పలయ్య. గుండు మీద కత్తి గాటు ఇంకా ఎర్రగానే ఉంది. చేతిలో కిరసనాయిలు డబ్బా.

"దొర్సానీ, మా అవ్వను దింపు."

"తప్పు నాదే ఉప్పలయ్యా. బల్బు తీసేసిన, పూలు తీసేసిన. బొమ్మను కాలవెట్టకు."

"మీ గోడకు మా అవ్వనే దొరికిందా? కూలోళ్ల మొకమైతె ఎవలడుగరనుకున్నవా?"

వెనక ఎవరో ఔనన్నారు. లీలావతి కుర్చీలోంచి లేచింది. ఉప్పలయ్య డబ్బా మూత తిప్పాడు. వాసన గదంతా పరుచుకుంది.

"ఆగరా."

ఇద్దరు ఆడవాళ్లు రెక్క పట్టుకుని తెచ్చిన కొమురమ్మ గొంతది. వాళ్ల చేతులు విడిపించుకుంది. "కాలవెట్టే ముందు నన్ను జూడనియ్యి. డ్రాయింగ్ సారు పొలం ఒడ్డు మీద కూసోవెట్టి గీసుకపోయిండు. ఏం గీసిండో నేను జూడనేలేదు."

బొమ్మ దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసింది.

"మొకమెందుకు పచ్చగున్నది?"

"నారు నీడ, అవ్వా," అంది లీలావతి. "నువ్వు ఒడ్డు మీద కూసున్నప్పుడు మొకం మీద పడ్డది."

"ఒక కన్ను మూసిండేంది?"

"ఎండకు."

కొమురమ్మ కొడుకు వైపు తిరిగింది. "సచ్చినోళ్లకు ఎండ కొడ్తదార?"

ఉప్పలయ్య గుండు తడుముకున్నాడు. చిన్నపిల్లాడిలా అడిగాడు, "మరి నా గుండు?"

"ఎంటికలు మొలువయా? మీసం గూడ మొలుస్తది." మళ్లీ లీలావతి వైపు చూసింది. "గని బిడ్డా, గీ సీకటి కొట్ల అద్దం వెనుక వెట్టినవు గద, గది సచ్చినోళ్ల తావే. నన్ను బయిటికి తే. ఎండల వెట్టు. రోడ్డు మీద వొయ్యేటోళ్లు జూసి, కొమురమ్మ ఎండకు కన్ను మూసిందనాలె. లేకుంటె ఆడు కాలవెట్టినా నేనేమన."

లీలావతి రోడ్డు వైపు చూసింది. ఎండ, దుమ్ము, లారీల పొగ. ఆ లేత పచ్చ రెండు ఎండాకాలాలు కూడా ఆగదు. ప్రభాకర్‌కు ఏం చెప్పాలి? హోటల్లో నూనె మరకకు సంబరపడటం తేలికే. డబ్బా మూత ఇంకా ఉప్పలయ్య వేళ్ల మధ్యే ఉంది.

కుర్చీ ఎక్కి పటం దింపింది. చంద్రయ్య పటం వెనక మేకులు పీకాడు. ఫ్రేము, అద్దం గోడకు ఆనించారు. గుడ్డ మీద వేసిన ఆ బొమ్మను ఆమె రెండు చేతులతో పట్టుకుని బయటికి నడిస్తే జనం దారిచ్చారు. టైలర్ బోర్డుకూ బీడీల ప్రకటనకూ మధ్య ఖాళీ గోడ ఉంది. అక్కడ మేకులతో కొట్టారు.

రోడ్డు మీద ఒక రిక్షా ఆగింది. ఇంకొకటి ఆగింది. కొమురమ్మ అరుగు మీద కూలబడి ఏమన్నా తినడానికి తెమ్మంది. చంద్రయ్య ఉరికాడు.

ఉప్పలయ్య మాత్రం బొమ్మ ముందే నిలబడ్డాడు. ఒక చెయ్యి గుండు మీద ఎండకు అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి పైన చూరు ఎంత ముందుకు వచ్చిందో చూశాడు.

"వానొస్తె అవ్వ తడుస్తది గద," అన్నాడు.

అవ్వ కాదు బొమ్మ, అనబోయి ఆగింది లీలావతి.

"అవ్వను నేను తడవనియ్య," అంది.