మునసబు రాసిన తేదీ

పార్థసారథి రాసిన వంశవృక్షం పుస్తకం అచ్చుకు వెళ్ళే ముందు అందరి ఫోన్లకూ వచ్చింది. చూడామణి కళ్ళజోడు పెట్టుకుని, వేలితో పేజీలు జరుపుకుంటూ తమ కొమ్మ దగ్గర ఆగింది. అక్కడ ఊరి జనన మరణ రిజిస్టరు ప్రకారమంటూ ఇలా ఉంది: "వర్ధనమ్మ నిస్సంతుగా మరణించెను. సుందరరామయ్య తల్లి ఎవరో తెలియదు."

సుందరరామయ్య ఆమె మామగారు. వర్ధనమ్మ ఆయన్ని కని మూడో రోజున కన్నుమూసిందని ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ప్రతి పిల్లకీ చెప్పేవారు. తరువాత ఆవిడ భర్త, ఆ ఇంటి తాతగారు, భ్రమరాంబను చేసుకున్నారు. పార్థసారథి ఆ భ్రమరాంబ మనవడు. ఇప్పుడు ఆయన తెలియదని రాశాడు. చూడామణికి ఒళ్ళు మండిపోయింది.

ఆమె భర్త ఉమాకాంతం ఆ రెండు వాక్యాలు చదివి ఫోను పక్కన పెట్టాడు. మర్నాడు కాక ఆ మర్నాడు ఆయన తల్లి తద్దినం. ముందు తల్లికి, తరువాత తండ్రి తల్లికి, ఆపైన తాత తల్లికి పిండాలు పెట్టాలి.

"రెండో పిండం ఎవరి పేరున పెట్టను?" అన్నాడాయన మెల్లిగా.

"ఇన్నేళ్ళూ ఎవరికి పెట్టారో ఆవిడకే."

"రికార్డులో అట్లా లేదుటే."

ఆ మాటకు పార్థసారథి మీది కోపం రెండింతలైంది. పొద్దున్నే ఆమె నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సెక్కింది. రమ్మంటే, గొడవలెందుకని ఉమాకాంతం ఇంట్లోనే ఉండిపోయాడు. లారీల దుమ్ముకు కిటికీ మూసుకుని దారి పొడుగునా ఆమె దేవుడితోనే వాదన పెట్టుకుంది. కని చచ్చిపోయిన తల్లికి ఏడాదికొక ముద్ద పెట్టడానికి కూడా కాగితం చూపించాలా స్వామీ? నీ దగ్గర కూడా రిజిస్టరే చూస్తారా?

లెక్చరరుగా రిటైరైన పార్థసారథి వదినగారిని మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఆయన భార్య మైథిలి కాఫీ తెస్తే చూడామణి ముట్టుకోలేదు. ఆయన పాత జనన మరణ రిజిస్టరు జిరాక్సులు బల్ల మీద పరిచాడు. ముక్త్యాల దారిలో తమ పూర్వీకులున్న ఊరిది అది. అందులో వర్ధనమ్మ చనిపోయిన తేదీ ముందుంది. తాతగారికి మగపిల్లవాడు పుట్టిన తేదీ తరువాతుంది.

"చనిపోయిన మనిషి కనదు కదా వదినా. నేను కల్పించిందేమీ లేదండి."

చూడామణి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. అప్పట్లో ఊళ్ళో చావు జరిగితే, దహనం కాకముందే తలారి వెళ్ళి రిజిస్టరు రాసే మునసబుకు చెప్పేవాడు. పుట్టుక సంగతి చెప్పుకోవాల్సింది ఇంటి మగవాడు. పురుడు, దాని మీద చావు మైల వచ్చిపడిన ఇంట్లో తాతగారు శుద్ధి అయ్యేదాకా ఎవరి గుమ్మం తొక్కుతాడు? అన్నీ అయ్యాక వెళ్ళి చెప్పి ఉంటాడు. చెప్పిన రోజే మునసబు పుట్టిన రోజుగా రాసిపారేసి ఉంటాడు. ఆమె ఈ మాటే అంటే పార్థసారథి నవ్వి, అది ఊహే కానీ ఆధారం కాదన్నాడు.

"అయితే మీ నాన్నగారి కాగితం చూపించు."

ఆయన తటపటాయించాడు. ఆయన తండ్రి విజయదశమి నాడు పుట్టాడనే విజయసారథి అని పేరు పెట్టారు. ఏటా పండగనాడు పుట్టినరోజని ఆ ఇంట్లో పాయసం రెండోసారి కాచేవారు. జిరాక్సు బయటికి వచ్చింది. మునసబు లెక్కలో ఆ పిల్లవాడు పుట్టేసరికి దసరా వెళ్ళిపోయింది, పురుడు పదిరోజులూ వెళ్ళిపోయాయి. పుస్తకంలో మాత్రం విజయదశమి అనే ఉంది.

"అది జాతకం ప్రకారం వేశానండి."

"మీ నాన్నకి జాతకం, మా మామగారికి మునసబా?"

మైథిలి గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పార్థసారథి కాగితాలు సర్దుకుంటూ, పోనీ "కుటుంబ కథనం ప్రకారం" అని ఒక ముక్క చేరుస్తానన్నాడు.

"కథనం కాదు పార్థసారథీ. ఆవిడ కని చచ్చిపోయింది. సవతి మనవడివి కాబట్టి రాశావని నేననను. ఒక్కసారి ఫోను చేసి అడగలేదు చూడు, దానికే నా మంట."

ఆయన మారుస్తాననీ అనలేదు, మార్చననీ అనలేదు. చూడామణి ఆ కాఫీ అట్లాగే వదిలి వచ్చేసింది. ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే ఉమాకాంతం విని సరేనన్నాడు. ఆ సరేలో బలం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది.

తద్దినం రోజు భోక్తల భోజనాలయ్యాయి. ఉమాకాంతం మొదటి పిండం పెట్టాడు. పురోహితుడు, "ఇప్పుడు నాన్నగారి తల్లి పేరు చెప్పండి," అన్నాడు. ఉమాకాంతం చేతిలో నువ్వులూ నీళ్ళూ అట్లాగే ఉన్నాయి.

"వర్ధనమ్మ," అంది మడి కట్టుకుని వంటింట్లో ఉన్న చూడామణి.

"కర్త నోటివెంట రావాలమ్మా," అన్నాడు పురోహితుడు.

నేతి గరిటెతోనే ఆమె గుమ్మంలోకి వచ్చింది. "చెప్పండి. మీ నాన్నని కన్నావిడ పేరు చెప్పండి."

ఉమాకాంతం గొంతులోనే ఏదో గొణిగాడు. వినపడలేదన్నాడు పురోహితుడు. ఆయన తలెత్తి భార్య ముఖం చూశాడు. ఈసారి వీధి అరుగు దాకా వినపడేట్టు, "వర్ధనమ్మ," అన్నాడు.

పురోహితుడు ఆ పేరును మంత్రంలో కలిపాడు. రెండో పిండం దర్భల మీద పడేదాకా చూడామణి గుమ్మం కదల్లేదు.