విమానంలో పాడిన పాట

ఆ వసంతంలో ఆల్మా-అతాలో ఇద్దరు కలిస్తే కొత్త విమానం గురించే మాట్లాడుకునేవాళ్లు. శబ్దం కంటే వేగంగా పోతుందట, మాస్కోకి రెండు గంటలేనట. బత్తిమా మాత్రం నాలుగు గంటల పైన పట్టే పాత విమానానికే టికెట్లు తీయించింది. ఆ నాలుగు గంటలూ ఆమెకి కావాలి.

ఆమె అన్న ఇస్కాక్‌కి గొంతులో పుండు. ప్రాణం నిలవాలంటే స్వరపేటిక తీసేయాలని మాస్కో డాక్టర్లు తేల్చారు. ఆ తర్వాత తింటాడు, తిరుగుతాడు, మాట మాత్రం ఉండదు. మాట పోయేలోగా బత్తిమాకి అతని నోట ఒకే ఒక్కటి వినాలని ఉంది. అమ్మ పాడిన జోలపాట.

కరువు ఏట తిండి కోసం ఊరొదిలి నడిచిపోతుంటే అమ్మ దారిలోనే పోయింది. అప్పటికి ఇస్కాక్‌కి తొమ్మిదేళ్లు, బత్తిమాకి రెండు. అమ్మ మొహం ఎలా ఉండేదో కూడా ఆమెకి తెలియదు. అనాథాశ్రమంలో ఉన్నప్పటినుంచీ అడుగుతూనే ఉంది. "అది పాడితే ఆ ఏడాదంతా తిరిగొస్తుందే, నా వల్ల కాదు" అంటూ అతను తప్పించుకునేవాడు. ఈసారి మాత్రం కాదనలేదు.

"ఇంట్లో ఎలా పాడనే, ఇంతమంది చుట్టాల మధ్య? విమానంలో పక్కపక్కనే కూర్చుంటాం కదా. నీ చెవిలో పాడతా" అన్నాడు. అప్పటికే అతని గొంతు బొంగురుపోయి, గుసగుసగా మారింది.

ప్రయాణానికి ముందురోజు బత్తిమా ఇంట్లో విందు. పెద్దవాడని గొర్రె తల ఇస్కాక్ ముందు పెట్టారు. తనకి మాంసం దిగదు, అయినా కత్తి తీసుకుని పద్ధతి ప్రకారం కోసి పంచాడు. చెవులు పిల్లలకిచ్చాడు. నాలుక కోసి చెల్లెలి పళ్లెంలో వేశాడు.

"ఇది నువ్వే తిను. రేపట్నుంచి నా వంతు మాటలు కూడా నువ్వే మాట్లాడాలి."

"ఇప్పటికే మా ఆవిడ ఊరందరి వంతూ మాట్లాడుతోంది బావా, ఇంకెందుకు దానికి!" అన్నాడు బత్తిమా మొగుడు. అందరూ నవ్వారు. ఇస్కాక్ కూడా నవ్వబోయి దగ్గాడు.

సరిగ్గా అప్పుడే అల్లుడు దుయ్‌సెన్ వచ్చాడు. అతనికి విమానాశ్రయంలో ఉద్యోగం. మొహం వెలిగిపోతోంది.

"అత్తయ్యా, మీ టికెట్లు మార్పించేశా! కొత్త విమానంలో రెండు సీట్లు దొరికాయి. బయల్దేరిన టైము కంటే గంట ముందే మాస్కోలో దిగుతారు, అక్కడి గడియారం ప్రకారం!"

"అయితే నా వయసు కూడా ఓ గంట తగ్గుతుందన్నమాట" అన్నాడు ఇస్కాక్.

విందుకి వచ్చినవాళ్లంతా ఒక్కసారిగా బత్తిమా వైపు తిరిగారు. ఎదురింటి కుల్యాన్, ఎవరినీ మెచ్చుకోని కుల్యాన్, "అబ్బో, మంత్రులెక్కే విమానం!" అంది. ఆ మాట బత్తిమాకి తియ్యగా తగిలింది. ఒప్పుకోవడానికి ఆమెకి ఇష్టం లేదు గానీ, తగిలింది. పైగా అన్న నొప్పితో కూర్చోవాల్సింది సగం సేపే అనుకుంది. రెండు గంటలైతే మాత్రం ఒక పాటకి చాలదా?

"ఏమంటావ్ అన్నయ్యా?"

"నీ ఇష్టమేనే. తీసుకెళ్లేదానివి నువ్వు."

"సరే, అందులోనే పోదాం" అంది.

మర్నాడు ఎత్తైన మెట్లెక్కి లోపలికి వెళ్లారు. వీళ్లకి వెనకవైపు సీట్లు వచ్చాయి. విమానం లేచింది. లేచాక తగ్గుతుందనుకున్న హోరు ఇంకా పెరిగింది. కొలిమి తిత్తి లోపల కూర్చోబెట్టినట్టుంది. బత్తిమా "భయంగా ఉందా?" అని అరిచింది. ఇస్కాక్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా తిప్పాడు. ముందు సీట్లో ఇద్దరు పెద్దమనుషులు కాగితం మీద రాసుకుంటూ, ఒకరికొకరు అందించుకుంటూ మాట్లాడుకుంటున్నారు. విమానంలో పనిచేసే అమ్మాయి చల్లటి కోడిమాంసం పళ్లేలు పెట్టి, ఏదో అడిగి, జవాబు కోసం ఆగకుండానే వెళ్లిపోయింది.

కాసేపటికి ఇస్కాక్ చెల్లెలి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. ఆమె తలగుడ్డ పక్కకి జరిపి, చెవికి నోరు ఆనించాడు. పాడటం మొదలుపెట్టాడు.

అతని ఊపిరి వెచ్చగా తగిలింది. పెదవులు కదలడం తెలిసింది. అంతే. హోరు తప్ప ఒక్క మాట లేదు, ఒక్క స్వరం లేదు. ఆమె ఊపిరి బిగబట్టింది. రెండో చెవి అరచేత్తో మూసుకుంది. మెల్లగా కళ్లు తిప్పి చూస్తే అతని మెడ మీద నరాలు తాళ్లలా లేచి ఉన్నాయి. కళ్లు మూసుకుని ఉన్నాడు. నలభై అయిదేళ్లు దాచుకున్నది ఉన్న గొంతంతా పెట్టి పాడుతున్నాడు.

ఆపేశాడు. ఆమె మొహంలోకి చూశాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. 'విన్నావా?' అన్నట్టు కనుబొమ్మలు ఎత్తాడు.

బత్తిమా తల ఊపింది. విన్నానని.

ఇస్కాక్ వెనక్కి వాలాడు. బరువు దించుకున్న కూలివాడిలా ఒళ్లు వదిలేసి నిద్రపోయాడు. విమానం దిగేసరికి అతనికి గుసగుస కూడా పలకలేదు. టాక్సీవాడికి ఆసుపత్రి పేరు బత్తిమాయే చెప్పింది. ఆ రాత్రి వార్డులో అతని పక్కన కూర్చుని, 'ఇంకొక్కసారి' అనే మాట నోటిదాకా తెచ్చుకుంది. ఏ గొంతుతో పాడతాడు? పైగా విన్నానని చెప్పేసింది కదా. తెల్లవారాక వచ్చి అతన్ని ఆపరేషన్‌కి తీసుకుపోయారు.

ఆ జూన్‌లోనే కొత్త విమానాన్ని ఆపేశారు. "ఇక జనాన్ని ఎక్కించరంట అత్తయ్యా" అని దుయ్‌సెన్ దిగులుగా చెప్పాడు. పాత విమానాలు రోజూ ఇంటి మీదుగా పోతూనే ఉన్నాయి, తీరుబడిగా.

మరుసటి ఏడు బత్తిమా కూతురికి ఆడపిల్ల పుట్టింది. తొట్టెలో వేసేరోజు ఇస్కాక్ వచ్చాడు. మెడకి కట్టిన గుడ్డ వెనకనుంచి ఊపిరి బుసబుసమంటోంది. పిల్లని చూసి మురిసిపోయాడు. చెల్లెలి వైపు తిరిగి తొట్టెని చూపించాడు, తర్వాత ఆమె నోటిని చూపించాడు. పాడు.

ఆమె ఏదో రాగం తీసింది. అది రేడియోలో విన్న పాట. ఇస్కాక్ కాదన్నట్టు చెయ్యి ఊపాడు. తొట్టె కర్ర మీద వేళ్లతో వేరే దరువు వేసి చూపించాడు. అమ్మది, అమ్మది పాడు.

"అన్నయ్యా" అంది బత్తిమా. "విమానంలో నాకేమీ వినపడలేదు."

అతని వేళ్లు ఆగాయి. తర్వాత అతని భుజాలు కదలడం మొదలైంది. నవ్వో, ఏడుపో ఆమెకి తెలియలేదు. ఇప్పుడు అతనికి ఆ రెండింటికీ శబ్దం లేదు.

కాసేపయ్యాక జేబులోంచి పెన్సిల్ తీసి ఓ కాగితం మీద నాలుగు పంక్తులు రాసిచ్చాడు. అందులో ఒక ఆడగొర్రె ఉంది, చలిగాలి ఉంది, బత్తిమా పేరు కూడా ఉంది. అమ్మ ఆ పేరుని ఎక్కడ సాగదీసేదో, ఎక్కడ తగ్గించేదో కాగితంలో లేదు. ఆమె వాటిని మామూలు మాటల్లా మెల్లగా చదువుతూ తొట్టె ఊపింది. ఇస్కాక్ ఆమె పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాడు.